తాళం వేశానా, లేదా?

రెండేళ్ళ క్రితం వరకు పొద్దున ఇంట్లోంచి బయటపడటం నాకు రోజూ ఒక పరీక్షలా ఉండేది. తలుపు వేసి, మెట్లన్నీ దిగి, గేటు దాకా వచ్చాక సరిగ్గా అక్కడే అనుమానం పట్టుకునేది: తాళం వేశానా? తాళంచెవి చేతిలోనే ఉంటుంది. బ్యాగు భుజానికి తగిలించుకోవడం గుర్తుంటుంది, చెప్పులు వేసుకోవడం లీలగా గుర్తుంటుంది, కానీ తాళం తిప్పిన ఆ రెండు సెకన్లు మాత్రం ఎంత వెతికినా దొరకవు. మళ్ళీ మెట్లెక్కి పైకి వెళ్ళేదాన్ని. తాళం వేసే ఉండేది. ఒక్కసారి కూడా వేయకుండా లేదు. అయినా మర్నాడు మళ్ళీ అదే అనుమానం, అవే మెట్లు. గ్యాస్ కట్టేశానా, ఇస్త్రీ పెట్టె ప్లగ్ తీశానా అని కూడా మొదలయ్యేసరికి నాకు నిజంగానే భయం వేసింది, ఈ వయసులోనే మతిమరుపు వస్తోందేమో అని.

మతిమరుపు కాదని తర్వాత అర్థమైంది. ఏదైనా మర్చిపోవాలంటే ముందు అది మనసుకి ఎక్కాలి కదా. తాళం తిప్పేటప్పుడు నా చెయ్యి తలుపు దగ్గరుంది, నేను పది గంటల మీటింగ్‌లో ఉన్నాను. బాగా అలవాటైన పనిని మెదడు చేతులకి అప్పజెప్పేస్తుంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, మనం పక్కన నిలబడి చూడక్కర్లేదు. అది మంచి ఏర్పాటే, లేకపోతే చొక్కా గుండీలు పెట్టుకోవడానికే పొద్దంతా పట్టేది. కాకపోతే ధ్యాస పెట్టని పని జ్ఞాపకంగా నిలబడటం కష్టం. గేటు దగ్గర నిలబడి నేను వెతుక్కుంటున్న జ్ఞాపకం అసలు పుట్టనే లేదు.

ఇది నా ఒక్కదాని బాధ కాదని చదివాక కొంచెం ధైర్యం వచ్చింది, కొంచెం దిగులూ వేసింది. 2010లో హార్వర్డ్ యూనివర్సిటీలో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2,250 మందిని ఫోన్ ద్వారా రోజులో ఎప్పుడు పడితే అప్పుడు పలకరించి మూడు సంగతులు అడిగారు: ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు చేస్తున్న పని మీదే ఉందా వేరే చోట ఉందా, ఎంత సంతోషంగా ఉన్నారు. 46.9 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. అంటే మేలుకుని ఉన్న టైమ్‌లో దాదాపు సగం. పైగా మనసు ఎటో పోయినప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు, చేస్తున్న పని నచ్చనిదైనా సరే. తీయని ఊహల్లోకి పోయినవాళ్ళు కూడా పని మీద ధ్యాస ఉన్నవాళ్ళకంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరట. నాకు బాగా గుచ్చుకున్నది ఈ ఆఖరి ముక్క, ఎందుకంటే బోర్ కొట్టే పని చేసేటప్పుడు మనసుని ఎటైనా పంపేస్తే హాయిగా ఉంటుందని నేను అన్నేళ్ళూ గట్టిగా నమ్మాను.

తాళం వరకే అయితే ఇదంతా రాసేదాన్ని కాదు.

మా అమ్మ వేరే ఊళ్ళో ఉంటుంది, వారానికి మూడు నాలుగు సార్లు రాత్రి పూట ఫోన్‌లో మాట్లాడుకుంటాం. ఒకరోజు మా తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, గురువారం అమ్మ కంటి ఆపరేషన్‌కి నువ్వు వస్తున్నావా, నన్ను లీవు పెట్టమంటావా" అన్నాడు. ఏం ఆపరేషన్ అన్నాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అమ్మకి ఫోన్ చేసి నాకెందుకు చెప్పలేదు అని గట్టిగానే అడిగాను. "చెప్పాను కదే, మొన్న ఆదివారం. శుక్లం ముదిరింది, తీసేయాలన్నారు, గురువారం రమ్మన్నారు అని చెప్తే నువ్వు సరేనమ్మా అన్నావు కూడా" అంది. ఆదివారం ఆ టైమ్‌కి నేనేం చేస్తున్నానో అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి లాప్‌టాప్‌లో ఏదో ఫైల్ సరిచేస్తున్నాను. ఊఁ అన్నాను, అవునా అన్నాను, సరేనమ్మా అన్నాను. నా నోరు కూడా నా చేతుల్లాగే దాని పని అది చేసుకుపోయింది.

అమ్మకి కోపం రాలేదు. "పని హడావిడిలో ఉన్నావేమోలే" అంది. ఆ మాటకి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాట చెవిన పడటం వేరు, చెవిన పెట్టడం వేరు, ఈ రెండింటికీ మనకి వేర్వేరు మాటలు ఉన్నాయి. అమ్మ మాట నా చెవిన పడిందంతే.

ఆ తర్వాత నేను అందరూ చేసే పనే చేశాను. ధ్యానం నేర్చుకుందామని ఒక యాప్ వేసుకుని, పొద్దున్నే లేచి ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. పన్నెండు రోజులు చేశాను. పన్నెండు రోజులూ ఓడిపోయినట్టే అనిపించింది, ఎందుకంటే ధ్యానం అంటే మనసు ఖాళీ అవ్వాలని నాకు ఎవరో చెప్పి ఉంటారు, లేదా నేనే అలా అనుకుని ఉంటాను. కళ్ళు మూసిన పది సెకన్లకి కరెంటు బిల్లు, ఆ తర్వాత ఎవరో ఎప్పుడో అన్న మాట, ఆ తర్వాత ఇది నా వల్ల కాదన్న నిరాశ. పదమూడో రోజు మానేశాను.

నన్ను మళ్ళీ ఇటు తిప్పింది ఒక మాట. మైండ్‌ఫుల్‌నెస్ అని ఇవాళ ప్రపంచమంతా అంటున్నది నిజానికి బౌద్ధ గ్రంథాల్లోని "సతి" అనే పాళీ మాటకి అనువాదం. 1881లో రీస్ డేవిడ్స్ అనే పాళీ పండితుడు ఆ మాట వాడాడు, అదే నిలబడిపోయింది. పాళీలో సతి, సంస్కృతంలో స్మృతి. స్మృతి అంటే జ్ఞాపకం! ఖాళీ మనసు అని కాదు, ప్రశాంతత అని కాదు, గుర్తుంచుకోవడం. ఇది చదివిన రోజు నేను గేటు దగ్గర నిలబడి తాళం గుర్తు తెచ్చుకోలేక అవస్థ పడ్డ పొద్దులన్నీ ఒక్కసారిగా కళ్ళముందు మెదిలాయి. నేనిక్కడ ఉన్నాను, ఈ పని చేస్తున్నాను అన్నది గుర్తుంచుకోవడమే సతి. మనం లేని చోట జరిగింది మనకి మిగలదు.

బుద్ధుడి సతిపట్ఠాన సుత్తంలో దీన్ని ఎంత మామూలు పనుల్లో చేయమన్నారో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. నడుస్తుంటే నడుస్తున్నానని తెలియాలి, ఊపిరి పొడవుగా తీస్తే పొడవుగా తీస్తున్నానని తెలియాలి అంటారు, అక్కడితో ఆగరు. చెయ్యి ముడిచేటప్పుడు, చాపేటప్పుడు, బట్ట కట్టుకునేటప్పుడు, తినేటప్పుడు, తాగేటప్పుడు, ఆఖరికి మలమూత్రాలకి వెళ్ళేటప్పుడు కూడా ఎరుకతో ఉండమంటారు. అడవిలో చెట్టు కింద కూర్చునే భిక్షువులకి చెప్పిన మాటలే ఇవి, అయినా ఇందులో సగం పైగా మన ఇళ్ళల్లో రోజూ జరిగేవే. ప్రత్యేకంగా టైమ్ ఎక్కడ తీయాలి అనే నా పాత ప్రశ్న దీంతో పోయింది. టైమ్ తీయక్కర్లేదు, ఎలాగూ చేసే పనిలోనే ఉంటే చాలు.

నేను తాళంతో మొదలుపెట్టాను. అదొక్కటే, ఇంకేమీ పెట్టుకోలేదు. రోజు మొత్తం ఎరుకతో ఉంటాను అని ప్రతిజ్ఞ చేస్తే మధ్యాహ్నానికే చేతులెత్తేస్తామని నా పన్నెండు రోజుల అనుభవం చెప్పింది. తలుపు దగ్గరికి వచ్చాక బ్యాగు కింద పెడతాను. తాళంచెవి చేతిలోకి తీసుకుంటాను, పొద్దున పూట చల్లగా ఉంటుంది, పట్టుకునే చోట బాగా అరిగి నున్నగా అయింది, ఈ అరుగుదల నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు. లోపలికి పెడుతుంటే చిన్న గరుకు, ఒక చోట పట్టేసినట్టు ఆగుతుంది, అక్కడ కొంచెం పైకి ఎత్తితే తిరుగుతుంది. టక్ మని ఒకసారి, రెండో తిప్పుకి ఇంకాస్త బరువుగా ఇంకొకటి. తలుపుని ఒకసారి నా వైపు లాగుతాను. కదలదు. అప్పుడు ఒక ఊపిరి, మామూలుగానే. బ్యాగు తీసుకుని దిగుతాను. మొత్తం కలిపితే పదిహేను సెకన్లు పడుతుందేమో.

మొదటి వారం మూడు రోజులు మర్చిపోయాను, అంటే మళ్ళీ గేటు దగ్గరే మెలకువ వచ్చింది. అలా వచ్చినప్పుడు పైకి వెళ్ళి చూసుకున్నాను, తిట్టుకోలేదు. నెల తిరిగేసరికి గేటు దగ్గర ఆగడం దాదాపు పోయింది. అప్పుడప్పుడు ఆగినా, ఆ రెండో టక్ చెవిలో ఇంకా ఉంటుంది.

మనసు పారిపోవడం తప్పు కాదు, అది మనసు స్వభావం. పారిపోయిందని తెలిసిన ఆ క్షణం ఉంది చూడండి, నా పన్నెండు రోజుల్లో నేను ఓటమి అనుకున్నది దాన్నే. నిజానికి సాధన అంతా అక్కడే ఉంది. కుడుతుంటే సూదిలోంచి దారం జారిపోతుంది, దానికి సూదిని తిట్టుకోం, దారం కొస తడిచేసి మళ్ళీ ఎక్కిస్తాం, ఎక్కించడం కూడా కుట్టుపనిలో భాగమే. చెదిరిపోయే ధ్యాసని మళ్ళీ మళ్ళీ కావాలని వెనక్కి తెచ్చుకోగలగడమే వివేకానికీ శీలానికీ సంకల్పానికీ మూలమని విలియం జేమ్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1890లోనే రాశాడు. దాన్ని నేర్పే చదువే అన్నింటికంటే గొప్ప చదువని, కానీ ఎలా నేర్పాలో చెప్పడమే కష్టమని కూడా అన్నాడు. నాకైతే ఆ చదువు ఒక అరిగిపోయిన తాళంచెవి దగ్గర మొదలైంది.

తాళం తర్వాత అంట్లు. తిక్ నాట్ హాన్ అని వియత్నాం బౌద్ధ భిక్షువు ఉండేవారు, 1926లో పుట్టి 2022 జనవరిలో పోయారు, ఫ్రాన్స్‌లో ఆశ్రమం పెట్టి చాలామందికి ఈ ఎరుక సాధన నేర్పారు. అంట్లు తోమేటప్పుడు అంట్లు తోమడానికే తోమండి అనేవారు. మొదటిసారి విన్నప్పుడు ఇదేం మాట అనిపించింది, ఇంకెందుకు తోముతాం? కానీ ఆ రాత్రి సింకు దగ్గర నిలబడి చూసుకుంటే, నేను తోముతున్నది అంట్లు అయిపోవడానికి. అయిపోతే వెళ్ళి పడుకోవచ్చని, పడుకుంటే ఫోన్ చూసుకోవచ్చని, అప్పుడు కూడా రేపు పొద్దున్నే లేవాలన్న చింతతోనే చూస్తానని. చేతులు గిన్నె మీద, నేను రాబోయే దాని మీద. లేదంటే జరిగిపోయిన దాని మీద: మూడు రోజుల కిందట ఎవరో ఒక మాట అని ఉంటారు, అప్పుడు నోట రాని జవాబు సింకు దగ్గర బ్రహ్మాండంగా వస్తుంది, వాళ్ళు దానికి ఇంకేదో అంటారు, నేను ఇంకొకటి అంటాను, అలా గిన్నెలు అయిపోయేసరికి ఎదురుగా ఎవరూ లేకుండానే నా దవడలు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ పోట్లాట నిజం కాదు కానీ ఆ దవడల బిగువు నిజం, ఆ రాత్రి పట్టని నిద్ర కూడా నిజం.

ఇప్పుడు నీళ్ళతో మొదలుపెడతాను. చేతి మీద పడుతున్న నీళ్ళు వెచ్చగా ఉన్నాయా చల్లగా ఉన్నాయా, అంతే. నురగ మణికట్టు దాకా పాకుతుంది, గిన్నె అంచు కింద వేలికి తగలకపోతే తెలియని జిడ్డు ఒకటి ఉంటుంది, శుభ్రమైన గిన్నెని బొటనవేలితో రుద్దితే కీచుమంటుంది. మధ్యలో పోట్లాట మొదలవుతుంది, తప్పకుండా మొదలవుతుంది. మొదలైందని తెలియగానే మళ్ళీ నీళ్ళు. కొన్ని రాత్రులు మొత్తం పోట్లాటలోనే గడిచిపోతాయి, చివరి గ్లాసు దగ్గర గానీ మెలకువ రాదు. ఆ ఒక్క గ్లాసు అయినా నేనే కడిగినట్టు లెక్క.

ఆ భిక్షువు నేర్పిన ఇంకో సంగతి ఫోన్ గురించి. మోగగానే తీయొద్దు, ఆ మోతనే గుడిగంటలా అనుకుని రెండు మూడు ఊపిరులు తీసుకుని అప్పుడు తీయమనేవారు. నేను మెసేజ్‌ల మోతకి కూడా ఇదే చేస్తున్నాను. దీనివల్ల నాకు కనిపించింది ఏమిటంటే, ఫోన్ మోగగానే నా భుజాలు పైకి లేస్తాయి. ఎన్నేళ్ళుగా లేస్తున్నాయో!

చిన్నప్పుడు గ్లాసు జారవిడిచినా, గుమ్మం తట్టుకుని పడినా పెద్దవాళ్ళు "ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యి" అనేవాళ్ళు. అప్పట్లో అది తిట్టుగానే వినపడేది. భుజాల సంగతి తెలిశాక ఆ మాట నాకు వేరేగా వినిపిస్తోంది, ఒళ్ళుని దగ్గర పెట్టుకోవడం, అంటే అది దూరం పోతుందని వాళ్ళకి తెలుసు. సోయి లేదు అంటారు, పరాకుగా ఉన్నావు అంటారు, మనసు మనసులో లేదు అంటారు. పరధ్యానానికి ఇన్ని పేర్లు పెట్టుకున్న మనుషులు దాంతో బాగా పరిచయం ఉన్నవాళ్ళే అయి ఉండాలి.

ఆసుపత్రుల్లోకి ఈ సాధన వచ్చింది 1979లో, అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో. జాన్ కబాట్-జిన్ అనే ఆయన మందులతో అంతగా తగ్గని నొప్పులతో, జబ్బులతో, టెన్షన్‌తో బాధపడేవాళ్ళకి ఒక కోర్సు మొదలుపెట్టాడు. అందులో మొదట్లోనే ఒక ఎండుద్రాక్ష చేతిలో పెట్టి, అలాంటిది ఎప్పుడూ చూడనట్టు చూడమంటారు, ముడతలు, బరువు, వాసన, నాలుక మీద పెట్టుకున్నాక కొరకకుండా ఉండటం, ఆ తర్వాతే కొరకడం. కావాలని, ఈ క్షణం మీద, మంచీ చెడూ అని తీర్పు చెప్పకుండా ధ్యాస పెట్టడం అని ఆయన దీన్ని వివరిస్తాడు. ఇందులో తీర్పు చెప్పకుండా అన్న ముక్క నాకు ఇప్పటికీ కష్టం. నడుము నొప్పి ఉంటే నొప్పి అని ఊరుకోలేను, అబ్బా మళ్ళీ వచ్చింది, రేపు ఎలా కూర్చుంటాను, ఇది ఎప్పటికీ తగ్గదు అని ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాను. నొప్పి ఒక చోటే ఉంటుంది, వెడల్పు రెండంగుళాలు ఉంటుందేమో. మిగతాదంతా నేను పేర్చింది. ఇది ఒకసారి కంటికి కనిపించాక నొప్పి పోలేదు కానీ దాని చుట్టూ ఉన్న భయం చాలా తగ్గింది.

కోపం విషయంలో నాకు పనికొచ్చింది పేరు పెట్టడం. 2007లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో, లాస్ ఏంజిలిస్‌లో, మాథ్యూ లీబర్మన్ బృందం చేసిన ప్రయోగంలో, ముఖాల ఫొటోల్లో కనిపిస్తున్న భావానికి మాటల్లో పేరు పెడుతున్నప్పుడు మెదడులో భయం, బెదురు లాంటివాటికి స్పందించే అమిగ్డలా అనే భాగం తక్కువగా చురుకైంది. పోయిన వేసవిలో ఆఫీసులో ఒక మెయిల్ వచ్చింది, నేను చేయని తప్పుకి నా పేరు పెట్టి పదిమందికీ పంపారు. చెవులు వేడెక్కాయి, కడుపులో ఏదో గట్టిగా పట్టేసింది, వేళ్ళు అప్పటికే జవాబు కొట్టేస్తున్నాయి. అప్పుడు గుర్తొచ్చి చేతులు కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కోపం వచ్చింది, అనుకున్నాను లోపల. మన భాషలో కోపం వస్తుంది, బాధ కలుగుతుంది, భయం వేస్తుంది, అవన్నీ బయటి నుంచి మన దగ్గరికి వచ్చినట్టే చెప్తాం. వచ్చింది అనుకోగానే నాకూ దానికీ మధ్య కొంచెం జాగా దొరికింది. కోపం కింద ఇంకోటి ఉంది, అవమానం. దానికీ పేరు పెట్టాను. కాసేపయ్యాక కొట్టిన జవాబు నాలుగు లైన్లు, తేదీలతో సహా, ఒక్క పరుషమైన మాట లేకుండా. మొదట కొట్టిన డ్రాఫ్ట్ తీసేశాను.

దీని అర్థం అన్నీ భరించమని కాదు, ఇది గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. మోయలేనంత పని నెత్తిన పెట్టి, టెన్షన్‌గా ఉందంటే ఊపిరి మీద ధ్యాస పెట్టండి అని చెప్పే చోట్లు ఉన్నాయి. అలాంటి చోట ఎరుక చేయాల్సిన పని, ఇది నాకు ఎక్కువైంది అని మనకి స్పష్టంగా తెలియజేయడం, ఆ తర్వాత నోరు తెరిచి చెప్పడం. అలాగే ఇది మందు కాదు. 2014లో అమెరికా పరిశోధకులు ధ్యానం మీద వచ్చిన 47 ట్రయల్స్, మొత్తం 3,515 మంది మీద జరిగినవి, ఒకచోట చేర్చి చూస్తే ఆందోళన, డిప్రెషన్, నొప్పి కొంచెం నుంచి మోస్తరు దాకా తగ్గుతున్నట్టు తేలింది, కానీ మందుల కంటే, వ్యాయామం కంటే ఇదే మేలు అనడానికి ఆధారం దొరకలేదు. మోస్తరు అంటే తక్కువేం కాదు, నాకు అది చాలా ఇచ్చింది. అయినా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్ళు దీన్ని నమ్ముకుని వాటిని ఆపొద్దు. పాత గాయాలు లోపల బలంగా ఉన్నవాళ్ళకి కళ్ళు మూసుకుని ఒంటరిగా కూర్చుంటే అవన్నీ ఒక్కసారిగా పైకి రావచ్చు, వాళ్ళు కళ్ళు తెరిచి, నడుస్తూనో చేతితో ఏదో పని చేస్తూనో మొదలుపెట్టడం మంచిది, తెలిసినవాళ్ళ సాయం తీసుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు నేను వదులుకోలేని ఇంకో చోటు, ఎదురుచూపులు. లిఫ్ట్ కోసం, క్యూలో, ఫైల్ తెరుచుకునే లోపు. ఇంతకు ముందు ఈ చిన్న చిన్న ఖాళీలన్నీ ఫోన్‌తో నింపేసేదాన్ని. 2014లో వర్జీనియా యూనివర్సిటీలో తిమోతి విల్సన్ బృందం మనుషుల్ని ఒక గదిలో 15 నిమిషాలు ఏ పనీ లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టింది, పక్కన కావాలంటే నొక్కుకోవడానికి చిన్న కరెంటు షాక్ ఇచ్చే బటన్ ఒకటి. అంతకు ముందే ఆ షాక్ రుచి చూసి, ఇది తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తాం అన్నవాళ్ళే వాళ్ళు. 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో 6 మంది ఆ 15 నిమిషాల్లో ఒక్కసారైనా బటన్ నొక్కుకున్నారు. నా ఫోన్‌ని చూస్తే నాకు ఆ బటనే గుర్తొస్తుంది. లిఫ్ట్ దగ్గర ఇప్పుడు పాదాల మీద ధ్యాస పెడతాను, బరువు మడమల మీదుందా వేళ్ళ మీదుందా అని, ఊపిరి బయటికి వదలడం కొంచెం పొడవు చేస్తాను. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, ఒంటి ఏర్పాటే అది, మనం చేయాల్సింది తొందరపెట్టకుండా ఉండటమే.

అన్నిటికంటే కష్టమైనది మాత్రం వినడం. గిన్నె తిరిగి మాట్లాడదు, తాళం దాని పాత కథలు మళ్ళీ చెప్పదు. మనిషి ఎదురుగా ఉంటే, వాళ్ళ మాట సగంలో ఉండగానే నా జవాబు తయారైపోతుంది, వాళ్ళు చెప్పబోయేది నాకు ముందే తెలుసనిపిస్తుంది. అమ్మ దగ్గర అయితే మరీ. ఆపరేషన్ సంగతి తర్వాత నేను పెట్టుకున్న నియమం ఒకటే, అమ్మ ఫోన్ వస్తే లాప్‌టాప్ మూత వేసి, లేచి కిటికీ దగ్గరున్న కుర్చీలోకి వెళ్ళి కూర్చోవడం. ఆ కుర్చీలో వేరే పని చేయను. కన్ను బాగానే నయమైంది, ఆపరేషన్‌కి నేనూ వెళ్ళాను. కానీ రెండేళ్ళ తర్వాత కూడా ఆ కుర్చీలో కూర్చున్నాక నా మనసు కనీసం పది సార్లు పోతుంది, పది సార్లు అమ్మ గొంతు దగ్గరికి తెచ్చుకుంటాను.

పోయిన నెల ఒక రాత్రి అమ్మ చెప్పినవన్నీ ఎప్పుడూ చెప్పేవే. పక్కింటివాళ్ళు ఇల్లు మారుతున్నారు, మా తమ్ముడు సరిగ్గా తినట్లేదు, మిక్సీ మళ్ళీ పాడైంది. వింటున్నాను. అమ్మ వెనకాల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, మాటకీ మాటకీ మధ్య అమ్మ ఊపిరి ఇదివరకటి కంటే చిన్నగా ఉందనిపించింది, నిజమో కాదో తెలియదు. ఇంకేంటమ్మా అన్నాను. "ఏం లేదు" అంది, ఆగింది, "లే" అంది.

మామూలుగా అయితే అక్కడ "సరేనమ్మా, ఉంటాను" అనేదాన్ని. ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా, వచ్చిందని తెలిసింది. ఏమీ అనకుండా ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదే" అంది అమ్మ.

ఎప్పట్నుంచి అని అడిగాను. అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది, కూర్చున్నట్టుంది. చెప్పడం మొదలుపెట్టింది.